క్యారవాన్ జాకీ వీల్ మార్చాలా? కొనే ముందు ఈ 6 విషయాలు చూసుకోండి.. లేదంటే కొత్తదీ అంతే సంగతులు!

వరుసగా మూడు రోజులు సెలవులు. పిల్లలు రెడీ. దుప్పట్లు, రైస్ కుక్కర్, ఆవకాయ డబ్బా అన్నీ క్యారవాన్‌లో సర్దేశారు. ఐదు గంటల డ్రైవ్ తర్వాత క్యాంప్ సైట్‌కి చేరారు. కారు నుంచి క్యారవాన్‌ని విప్పి, నలుగురూ కలిసి సరైన చోటికి తోద్దామనుకున్నారు. అంతే.. ముందున్న బుల్లి చక్రం పక్కకు ఒరిగి టక్కున విరిగింది. ఒకటిన్నర టన్నుల బండి ముక్కు నేలకు ఆనింది. పైనుంచి వాన మొదలైంది. ఇప్పుడేం చేయాలి?

ఇది ఊహించి చెప్పిన సీనే. కానీ యూకేలోనో, ఆస్ట్రేలియాలోనో క్యారవాన్ ఉన్నవాళ్లను అడిగి చూడండి.. ఇలాంటి కథ ఏదో ఒకటి చెబుతారు. ఆ బుల్లి చక్రం పేరే జాకీ వీల్. పాతది పాడైతే కొత్తది కొనడం పెద్ద పనేం కాదు. కాకపోతే ఫొటో చూసి, రేటు చూసి ఆర్డర్ పెట్టేస్తే మాత్రం చిక్కే. మరి ఏం చూసి కొనాలి? ఎక్కువ కాలం మన్నాలంటే ఏం చేయాలి? డీటెయిల్డ్‌గా చూద్దాం.

అసలు జాకీ వీల్ అంటే ఏంటి?

క్యారవాన్ అనగానే మనకు గుర్తొచ్చేది షూటింగ్ స్పాట్‌లో హీరో హీరోయిన్లు రెస్ట్ తీసుకునే బండి. ఇక్కడ మాట్లాడేది దాని గురించి కాదు. టూరింగ్ క్యారవాన్ అంటే ఇంజిన్ లేని చిన్న చక్రాల ఇల్లు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్తారు. లోపల మంచాలు, స్టవ్, సింక్, చిన్న టాయిలెట్ ఉంటాయి.

కారుకు తగిలించి ఉన్నంతసేపు దాని ముందు భాగం బరువును కారు మోస్తుంది. మరి విప్పాక? మన ఊళ్లలో ఎడ్లను విప్పాక బండి నొగ నేలకు ఆనకుండా కాడి కింద కర్ర పెడతారు కదా.. ట్రాక్టర్ నుంచి ట్రాలీ విప్పేటప్పుడు ముందు స్టాండ్ దించుతారు కదా.. అదే పని ఇక్కడ జాకీ వీల్ చేస్తుంది. పైన హ్యాండిల్ తిప్పితే లోపలున్న స్క్రూ మీద క్యారవాన్ ముక్కు పైకి లేస్తుంది, కిందకు దిగుతుంది. కింద చక్రం ఉంది కాబట్టి బండిని కొంచెం అటూ ఇటూ తోసుకోవచ్చు కూడా.

అంటే ఇది జాకీ పనీ చేయాలి, చక్రం పనీ చేయాలి. అందుకే దీని మీద ఒత్తిడి ఎక్కువ.

మన వాళ్లకు ఇది ఎందుకు?

ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌లో 2021 డిసెంబర్ 16 నుంచి ఒక రూల్ మారింది. అంతకుముందు, 1997 జనవరి 1 నుంచి కారు టెస్ట్ పాసైనవాళ్లు పెద్ద క్యారవాన్ లాగాలంటే చాలా సందర్భాల్లో వేరే టెస్ట్ రాయాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ టెస్ట్ అక్కర్లేదు. అక్కడి మామూలు కారు లైసెన్స్‌తోనే 3,500 కేజీల వరకు ట్రైలర్ లాగొచ్చు. అయితే మీ కారు ఎంత బరువు లాగగలదో ఆ లిమిట్ మాత్రం దాటకూడదు.

అంటే ఉద్యోగాల కోసం వెళ్లి అక్కడ లైసెన్స్ తీసుకున్న మన వాళ్లకూ దారి సులువైంది. కాకపోతే టెస్ట్ లేదు కాబట్టి, ఈ చిన్న చిన్న విషయాలు నేర్చుకోవాలన్న నిబంధనా లేదు. ఎవరికి వాళ్లు తెలుసుకోవాల్సిందే. పైగా చాలామంది మొదట కొనేది సెకండ్ హ్యాండ్ క్యారవాన్. దాంట్లో జాకీ వీల్ ఎప్పటిదో, ఎలా వాడారో తెలీదు.

ముందు తేల్చుకోండి: మొత్తం మార్చాలా.. చక్రం ఒక్కటే చాలా?

చాలామంది ఇక్కడే అనవసరంగా డబ్బు పెడతారు. జాకీ వీల్‌లో మూడు భాగాలుంటాయి. బయటి గొట్టం, లోపలి గొట్టంతో పాటు స్క్రూ, కింద చక్రం. హ్యాండిల్ సాఫీగా తిరుగుతోంది, గొట్టాలు నిటారుగా ఉన్నాయి, చక్రం రబ్బరు మాత్రమే పగిలింది అంటే.. చక్రం ఒక్కటే విడిగా దొరుకుతుంది. పాత చక్రం అడ్డకొలత, వెడల్పు, మధ్యలో ఇరుసు దూరే రంధ్రం సైజు.. ఈ మూడూ కొలుచుకుని కొంటే చాలు.

గొట్టం కొంచెం వంగినా, హ్యాండిల్ ఒకచోట పట్టేసినా, తిప్పుతుంటే స్క్రూ జారుతున్నట్టు అనిపించినా మాత్రం రిపేర్ ఆలోచన వద్దు. మొత్తం మార్చేయండి. వంగిన గొట్టాన్ని సుత్తితో సరిచేసినా దాని బలం తిరిగి రాదు.

1. గొట్టం సైజు.. ఇది తప్పితే మిగతావన్నీ వేస్ట్

జాకీ వీల్ క్యారవాన్ ముందున్న క్లాంప్‌లో బిగుస్తుంది. క్లాంప్ ఏ సైజో గొట్టం అదే సైజు ఉండాలి. యూకే, యూరప్‌లో ఎక్కువగా దొరికే సైజులు 34, 42, 48, 60 మిల్లీమీటర్లు. చిన్న లగేజ్ ట్రైలర్లకు 34, 42 వస్తాయి. అక్కడి టూరింగ్ క్యారవాన్లలో ఎక్కువ వాటికి 48 ఉంటుంది. అలాగని మీదీ 48 అనుకుని ఆర్డర్ పెట్టొద్దు. కొలవండి.

కొలిచే పరికరం లేదా? ఒక దారం చాలు. బయటి గొట్టం చుట్టూ దారం ఒక్క చుట్టు చుట్టి, ఆ పొడవును స్కేల్ మీద చూడండి. దాదాపు 10.7 సెంటీమీటర్లు వస్తే 34 సైజు. 13.2 వస్తే 42. 15.1 వస్తే 48. 18.8 వస్తే 60. ఒక్కటే జాగ్రత్త.. కొలవాల్సింది బయటి గొట్టాన్ని, లోపలిదాన్ని కాదు.

కొంచెం చిన్న గొట్టం కొని, మధ్యలో రేకు ముక్కో రబ్బరో పెట్టి బిగిద్దాం అనుకుంటారు కొందరు. అస్సలు వద్దు. బరువు పడ్డాక అది జారితే క్యారవాన్ ముక్కు ఒక్కసారిగా కిందపడుతుంది. కింద మీ పాదం ఉందనుకోండి.. ఊహించుకోండి.

2. ఎంత బరువు మోయాలి?

క్యారవాన్ మొత్తం బరువు జాకీ వీల్ మీద పడదు. ఎక్కువ భాగం పెద్ద చక్రాలు మోస్తాయి. ముందు ముక్కు మీద పడే బరువును నోస్ వెయిట్ అంటారు. యూకేలో అది సాధారణంగా క్యారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం ఉండేలా సామాన్లు సర్దుకుంటారు. సామాన్లతో కలిపి 1,400 కేజీల క్యారవాన్ అయితే 70 నుంచి 98 కేజీలన్నమాట.

మరి 100 కేజీలు మోసేది కొంటే సరిపోతుందిగా? ఇక్కడే లెక్క తప్పేది.

ఒక ఉదాహరణ చూద్దాం. కారుకు తగిలించే చోట నోస్ వెయిట్ 85 కేజీలు అనుకుందాం. క్యారవాన్ ఇరుసు నుంచి ఆ చోటు 4.4 మీటర్ల దూరం. జాకీ వీల్ 4 మీటర్ల దూరం. ఇరుసుకు దగ్గరగా ఉంది కాబట్టి జాకీ వీల్ మీద పడే బరువు కొంచెం పెరిగి 93 కేజీలు దాటుతుంది. ఇప్పుడు 75 కేజీల బరువున్న ఇద్దరు లోపలికెళ్లి, ఇరుసుకు 3 మీటర్ల ముందున్న సీట్లో కూర్చున్నారు. వాళ్లిద్దరి వల్ల ఇంకో 112 కేజీలు పడుతుంది. మొత్తం 200 దాటిపోయింది!

150 కేజీల జాకీ వీల్ అయితే అక్కడే లిమిట్ దాటేసినట్టు. అందుకే నాలుగు మూలలా ఉండే స్టెడీలు దించాకే లోపలికి ఎక్కాలి. అందుకే జాకీ వీల్ కూడా మీ నోస్ వెయిట్‌కి కనీసం రెండింతలు మోసేది తీసుకోవడం సేఫ్.

ఇంకో మెలిక. కొన్ని ప్యాకెట్ల మీద రెండు అంకెలు కనిపిస్తాయి.. స్టాటిక్ లోడ్, డైనమిక్ లోడ్. మొదటిది కదలకుండా నిలబెట్టినప్పుడు మోసే బరువు. రెండోది తోస్తున్నప్పుడు మోసే బరువు. యాడ్‌లో పెద్ద అక్షరాల్లో వేసేది ఎక్కువగా ఉన్న అంకే. మీరు చూడాల్సింది మాత్రం తక్కువగా ఉన్నది.

మీ నోస్ వెయిట్ ఎంతో తెలీదా? దానికి ప్రత్యేకంగా గేజ్‌లు దొరుకుతాయి. కొన్ని జాకీ వీల్స్‌లో గేజ్ కూడా కలిపే ఇస్తున్నారు. ఏదీ లేకపోతే ఇంట్లో బరువు చూసుకునే మిషన్ చాలు. సమతలంగా ఉన్న చోట, పెద్ద చక్రాలకు ముందూ వెనకా అడ్డుముక్కలు పెట్టండి. మిషన్ మీద ఒక పలక, దాని మీద నిటారుగా ఒక బలమైన చెక్క పెట్టండి. కారుకు తగిలించే కప్లింగ్ సరిగ్గా ఆ చెక్క మీద ఆనేలా జాకీ వీల్‌ను మెల్లగా పైకి తిప్పండి. చక్రం నేలను వదిలాక మిషన్ చూపించేదే మీ నోస్ వెయిట్. చెక్క పొడవు ఎలా ఉండాలంటే.. ఆ టైంలో క్యారవాన్ ముందుకు వాలకుండా సమంగా ఉండాలి. మిషన్ లిమిట్ ఎంతో ముందే చూసుకోండి.

3. గట్టి రబ్బరా.. గాలి టైరా?

ఇది మీరు ఎక్కడ ఆపుతారన్న దాన్నిబట్టి ఉంటుంది. సిమెంట్, తారు నేల మీదే ఆపుతారా? గట్టి రబ్బరు చక్రం బెస్ట్. పంక్చర్ గొడవ లేదు, నెలలు నిలబెట్టినా గాలి పోదు. కానీ వెడల్పు తక్కువ కాబట్టి తడి గడ్డి మీద, కంకర మీద కూరుకుపోతుంది.

గాలి టైరు వెడల్పుగా, పెద్దగా ఉంటుంది. మెత్తటి నేల మీద తేలిగ్గా దొర్లుతుంది. కానీ పంక్చర్ అవుతుంది. చలికాలమంతా ఇంటి ముందు ఆపి ఉంచితే గాలి దిగిపోతుంది. గాలి తక్కువున్న టైరు మీద బరువు పెట్టి తోస్తే టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు.

రెండింటికీ మధ్యస్తంగా వెడల్పాటి గట్టి రబ్బరు చక్రాలు కూడా వస్తున్నాయి. ఎక్కువమందికి ఇదే నప్పుతుంది. తడి నేల మీద చక్రం కింద ఒక చెక్క పలక వేస్తే చాలు, కూరుకుపోదు.

4. చక్రం లోపల ఏముంది?

బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా అంతా లోపలే. చవక రకాల్లో చక్రం మధ్య భాగం ప్లాస్టిక్. బేరింగ్ ఉండదు, ఇనుప ఇరుసు మీద ప్లాస్టిక్ రాసుకుంటూ తిరుగుతుంది. కొన్నాళ్లకు రంధ్రం పెద్దదై చక్రం వంకరగా ఊగుతుంది. ఒకసారి ఊగడం మొదలైతే విరగడానికి ఎక్కువ టైం పట్టదు. స్టీల్ రిమ్, బేరింగ్ ఉన్నది ఎక్కువ కాలం వస్తుంది, తోయడానికీ తేలిక.

తర్వాత తుప్పు. కరిగిన జింక్‌లో ముంచి తీసిన గాల్వనైజ్డ్ గొట్టం, పైపైన జింక్ పూత పూసిన గొట్టం కంటే చాలా కాలం నిలుస్తుంది. మొదటిది కొంచెం గరుకుగా, బూడిద రంగులో ఉంటుంది. రెండోది తళతళలాడుతుంది. మెరుస్తోంది కదా అని పడిపోకండి. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే దేశాల్లో, సముద్రం పక్కన ఉండేవాళ్లకు ఇది చాలా ముఖ్యం.

5. క్లాంప్‌ని మర్చిపోవద్దు

కొత్త జాకీ వీల్ బిగించాక కూడా జారుతోందా? తప్పు దానిది కాకపోవచ్చు. క్లాంప్ లోపలి ప్యాడ్ అరిగిపోయినా, బిగించే బోల్టు మరలు పోయినా ఎంత మంచి గొట్టమైనా నిలవదు. ఇలాంటప్పుడు చాలామంది హ్యాండిల్‌కి పైపు తగిలించి మరీ బిగిస్తారు. దాంతో గొట్టం నొక్కుకుపోయి, లోపలిది తిరగడం మానేస్తుంది. పాతది ఎందుకు పాడైందో చూడకుండా కొత్తది కొంటే, అదే కారణంతో ఇదీ పాడవుతుంది. ముందు క్లాంప్ చెక్ చేయండి.

6. జాగా సరిపోతుందా?

పెద్ద చక్రం మంచిదే. కానీ పైకి మడిచినప్పుడు క్యారవాన్ ముందున్న ఇనుప ఫ్రేమ్‌కి, బ్రేక్ రాడ్‌కి తగలకూడదు. తగిలితే ప్రయాణంలో బ్రేక్ సరిగా పనిచేయకపోవచ్చు. కొనే ముందు పాతదాన్ని పూర్తిగా పైకి తిప్పి, చుట్టూ ఎంత ఖాళీ ఉందో కొలవండి. గొట్టం మొత్తం పొడవు కూడా పాతదానితో పోల్చుకోండి.

ఆస్ట్రేలియా, అమెరికాలో లెక్క వేరే

మెల్‌బోర్న్‌లో ఉన్న తమ్ముడు, లండన్‌లో ఉన్న అన్న చెప్పిన జాకీ వీల్ కొంటే కష్టం. ఆస్ట్రేలియాలో క్యారవాన్లు బరువెక్కువ. ముందు పడే బరువు కూడా మొత్తంలో దాదాపు 10 శాతం ఉండాలని లెక్క వేసుకుంటారు. అంటే 2,500 కేజీల బండికి 250 కేజీలు! యూకేలో సరిపోయే 150 కేజీల జాకీ వీల్ అక్కడ అస్సలు ఆగదు. పైగా అక్కడ పక్కకు తిప్పి పైకి మడిచే బ్రాకెట్ కూడా వాడతారు. దాని బోల్టు రంధ్రాల దూరం కూడా కలవాలి. మట్టి రోడ్లు, ఇసుకలో తిరిగేవాళ్లు రెండు చక్రాలున్న రకం తీసుకుంటారు.

అమెరికాలో ట్రావెల్ ట్రైలర్లకు ముందు పడే బరువు 10 నుంచి 15 శాతం. అందుకే అక్కడ చక్రం లేకుండా కింద పలక మాత్రమే ఉండే టంగ్ జాక్ ఎక్కువ. కరెంట్‌తో పనిచేసేవీ ఉంటాయి.

మార్చేటప్పుడు ఇలా చేయండి

అన్నిటికంటే సేఫ్ పద్ధతి.. క్యారవాన్ కారుకు తగిలించి ఉండగానే మార్చడం. అప్పుడు ముక్కు బరువు కారు మీద ఉంటుంది. చదునైన చోట ఆపి, కారుకూ క్యారవాన్‌కూ హ్యాండ్‌బ్రేక్ వేసి, పెద్ద చక్రాలకు అడ్డుముక్కలు పెట్టండి. పాత జాకీ వీల్ నేలను తాకకుండా పైకి తిప్పి, అప్పుడు క్లాంప్ వదులు చేసి బయటకు తీయండి. కొత్తది దూర్చి బిగించండి. అంతే.

బరువు జాకీ వీల్ మీద ఉన్నప్పుడు మాత్రం క్లాంప్ ఎప్పుడూ వదులు చేయొద్దు. వేళ్లు, పాదాలు పోయేది ఇక్కడే. పిల్లల్ని దగ్గరకు రానివ్వొద్దు.

ఎక్కువ కాలం రావాలంటే..

ఎంత ఖరీదైనది కొన్నా, వాడే పద్ధతి తప్పితే నిలవదు. ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి.

ఒకటి.. స్క్రూని మొత్తం బయటికి తిప్పి వాడొద్దు. ముందు బయటి గొట్టాన్నే వీలైనంత కిందకు దించి క్లాంప్ బిగించండి. తర్వాత కావాల్సినంతే తిప్పండి. లోపలి గొట్టం ఎంత బయటికొస్తే, తోసేటప్పుడు అంత తేలిగ్గా వంగుతుంది.

రెండు.. ఫుట్‌పాత్ అంచు, గుంత ఉంటే చక్రాన్ని బలంగా గుద్దించి ఎక్కించొద్దు. పలక వేసి ఎక్కించండి. రిమోట్‌తో క్యారవాన్‌ని కదిపే మోటార్ మూవర్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. ఉన్నచోటే గిర్రున తిప్పితే ఆ మెలి మొత్తం ఈ చిన్న చక్రం మీదే పడుతుంది.

మూడు.. బయల్దేరే ముందు పూర్తిగా పైకి తిప్పండి. చాలా రకాల్లో చక్రాన్ని పట్టుకునే ఫోర్క్, బయటి గొట్టం అంచున ఉన్న గాడిలో కూర్చుంటుంది. అలా కూర్చుంటేనే దారిలో తిరిగిపోకుండా ఉంటుంది. తర్వాత గొట్టం మొత్తాన్ని పైకి లాగి క్లాంప్ బిగించండి. ఇది మర్చిపోయి హైవే ఎక్కితే, జారిన జాకీ వీల్ రోడ్డుకు కొట్టుకుని ముక్కలవుతుంది. వెనకొచ్చే బండ్లకూ ప్రమాదమే. క్యారవాన్ కారు నుంచి విడిపోతే దానంతట అదే బ్రేక్ వేసే బ్రేక్‌అవే కేబుల్ ఒకటుంటుంది. అది జాకీ వీల్ హ్యాండిల్‌కి చుట్టుకోకుండా చూసుకోండి.

నాలుగు.. సీజన్‌కి ఒకసారి లోపలి గొట్టం తీసి, పాత మురికి తుడిచి, స్క్రూకి గ్రీజ్ పెట్టండి. ఇరుసుకు కూడా కాస్త రాయండి. పావుగంట పని. ఇది చేయకపోవడం వల్లే చాలా జాకీ వీల్స్ పట్టేస్తాయి.

ఫైనల్‌గా.. షాపుకెళ్లే ముందు ఫోన్‌లో ఈ అంకెలు నోట్ చేసుకోండి: గొట్టం సైజు, మీ నోస్ వెయిట్, పాత గొట్టం పొడవు, చక్రం అడ్డకొలత, చుట్టూ ఉన్న ఖాళీ. క్లాంప్ ఫొటో ఒకటి తీసుకోండి. ఇవి చేతిలో ఉంటే షాపులో ఎవరు ఏది చూపించినా, అది మీకు పనికొస్తుందో లేదో ఒక్క నిమిషంలో తేలిపోతుంది. మీ అన్నో, అక్కో, ఫ్రెండో విదేశాల్లో క్యారవాన్ కొనే ప్లాన్‌లో ఉంటే ఇది వాళ్లకు పంపండి. సెలవు రోజున వానలో నిలబడే బాధ తప్పుతుంది!